సర్పంచి ఎన్నికకు కూడా 1, 2, 3 ఓటు పెడితే గెలిచేవాళ్ళు మారతారా?

హాలియా రైతుబిడ్డ:

2025 డిసెంబరులో సర్పంచి ఎన్నికలు అయినప్పటి నుంచి ఈ సంగతి మనసులో తిరుగుతూనే ఉంది, మీ అందరి మాట కూడా విందామని పెడుతున్నా. మా పక్క ఊళ్ళో ఐదుగురు నిలబడ్డారు. గెలిచినాయనకు పోలైన ఓట్లలో మూడో వంతు కూడా రాలేదు. మిగతా ఊరంతా ఆయన వద్దనుకున్నదే, కానీ ఆ ఓట్లు నలుగురి మధ్య చీలిపోయాయి. ఆ నలుగురిలో ఒకాయన్ని నిలబెట్టిందే ఓట్లు చీల్చడానికని ఊళ్ళో చిన్నపిల్లాడిని అడిగినా చెబుతాడు. గట్టి పోటీ ఇచ్చే మనిషిది ఏ వాడో చూస్తారు, అదే వాడలో, వీలైతే అదే ఇంటిపేరులో ఇంకొకరిని పట్టుకుంటారు, డిపాజిట్ వీళ్ళే కట్టి, కరపత్రాలు వీళ్ళే కొట్టించి, నలభయ్యో యాభయ్యో ఓట్లు లాగితే చాలంటారు. ఊరి ఎన్నికలో యాభై ఓట్లంటే గెలుపోటములు అవే కదా.

ఎమ్మెల్సీ ఎన్నికలో ఇట్లా కాదు. గ్రాడ్యుయేట్లమని మనకు 1, 2, 3 అని అంకెలు వేసే హక్కు ఇచ్చారు. మొదటి ప్రాధాన్యత ఓట్లలో ఎవరూ సగం దాటకపోతే, అందరికన్నా తక్కువ వచ్చినవాళ్ళను ఎలిమినేట్ చేసి, ఆ బ్యాలెట్లలో 2 ఎవరికి ఉంటే ఆ ఓటు వాళ్ళకు కలుపుతారు. ఒకరు సగం దాటేదాకా, లేకపోతే చివరికి ఒక్కరే మిగిలేదాకా ఇదే పని. సర్పంచికి ఈ పద్ధతే పెడితే, చీల్చడానికి నిలబెట్టిన మనిషి ఓట్లు తర్వాతి రౌండులో అదే వాడ మనిషికి తిరిగొస్తాయి. పెట్టిన పైసలు దండగ అవుతాయి కాబట్టి వచ్చేసారి ఎవరూ నిలబెట్టరు. చట్టం కూడా అడ్డం కాదు, గ్రామ సర్పంచిని ఎట్లా ఎన్నుకోవాలన్నది రాజ్యాంగం 243సి అధికరణం రాష్ట్ర చట్టానికే వదిలిపెట్టింది. నేనైతే పెట్టి తీరాలంటాను.

లెక్కల సార్ (రిటైర్డ్), నల్గొండ:

తమ్ముడూ, నీ బాధ నిజమే, మందు మాత్రం ఇది కాదనిపిస్తోంది. మన నల్గొండ-ఖమ్మం-వరంగల్ పట్టభద్రుల సీటు లెక్కలే చూడు. 2021 మార్చిలో 71 మంది పోటీ. పల్లా రాజేశ్వర్ రెడ్డికి మొదటి ప్రాధాన్యత ఓట్లు 1,10,840, తీన్మార్ మల్లన్నకు 83,290, కోదండరామ్‌కు 70,072. రాత్రింబవళ్ళు లెక్కపెట్టారు. గెలిచిందెవరు? మొదటి నుంచీ ముందున్న పల్లానే. 2024 మే ఉప ఎన్నికలో 52 మంది. మల్లన్నకు 1,22,813, రాకేశ్ రెడ్డికి 1,04,248. దుప్పలపల్లి గోదాములో రోజుల తరబడి ఎలిమినేషన్లు చేస్తే గెలిచింది మళ్ళీ మొదట ముందున్నాయనే. 2021లోనే మహబూబ్‌నగర్-రంగారెడ్డి-హైదరాబాద్ సీటులో 93 మంది నిలబడితే అక్కడా సురభి వాణీదేవి మొదట్లోనూ ముందే, చివర్లోనూ ముందే. మూడుకు మూడు.

ఇంకొకటి, చెల్లని ఓట్లు. మన సీటులో 2021లో 21,636, 2024లో 25,824. పోయినసారి పోలైనవి 3,36,013, అంటే వందలో దాదాపు ఎనిమిది ఓట్లు వృథా. మొదటి ఇద్దరి మధ్య తేడా 18,565 అయితే చెల్లనివి అంతకన్నా ఎక్కువ! వేసినవాళ్ళంతా డిగ్రీ చదివినవాళ్ళే. అంకె బదులు టిక్కు పెడితే చెల్లదు, ఇద్దరికి 1 వేస్తే చెల్లదు, అంకె కాకుండా ఒకటి అని అక్షరాల్లో రాసినా చెల్లదు, పోలింగ్ కేంద్రంలో ఇచ్చిన వయొలెట్ స్కెచ్ పెన్ను వదిలి జేబులో పెన్ను తీసినా చెల్లదు. మన ఊళ్ళలో వేలిముద్ర వేసే పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు. గుర్తు చూసి ముద్ర గుద్దితే సరిపోయే హక్కును వాళ్ళకు పరీక్ష పేపరు చేద్దామా?

పాలమూరు టీచరమ్మ:

సార్ చెప్పిందానికి నాదొకటి కలపండి. నాకు పంచాయతీ ఎన్నికల డ్యూటీ పడింది. పొద్దున ఏడు నుంచి ఒంటిగంట దాకా పోలింగ్, అన్నం తిన్నామో లేదో రెండింటికి కౌంటింగ్ మొదలు. సర్పంచి బ్యాలెట్ గులాబీ రంగు, వార్డుది తెల్లది, ముందు అవి వేరు చెయ్యాలి, కట్టలు కట్టాలి, ముద్ర రెండు గుర్తుల మధ్య గీత మీద పడితే ఏ గుర్తువైపు ఎక్కువుందో ఏజెంట్లకు చూపించాలి, అక్కడ గొంతులు లేస్తాయి. అది అయిపోయాక ఉప సర్పంచి ఎన్నిక. సామాన్లు అప్పజెప్పి ఇల్లు చేరేసరికి ఏ వేళవుతుందో మాకే తెలుసు. అందులో ఎలిమినేషన్ రౌండ్లంటే, ఐదుగురు పోటీలో ఉంటే కట్టలు విప్పడం, మళ్ళీ కట్టడం మూడుసార్లు, బయట రెండు వర్గాలు నిలబడి ఉంటాయి, లోపల స్కూలు గదిలో మేం నలుగురం. ఆ టెన్షన్ ఎవరు పడాలి? పైగా సర్పంచి బ్యాలెట్ మీద పేర్లు ఉండవన్నా, గుర్తులే. ఉంగరం, కత్తెర, బ్యాటు చూసి ఒకటి గుర్తుపెట్టుకోవడమే పెద్దవాళ్ళకు కష్టం. మూడు గుర్తులు, మూడు వరసలు ఎట్లా గుర్తుంటాయి?

హాలియా రైతుబిడ్డ:

టీచరమ్మా, మీ కష్టం కాదనను, దానికి వేరే దారి ఉంటుంది, తర్వాత చెబుతా. ముందు సార్ లెక్కకు నా లెక్క వినండి. 2021లో మొదటి ప్రాధాన్యతలో పల్లా, మల్లన్నల మధ్య తేడా 27,550. కోదండరామ్ ఎలిమినేట్ అయ్యాక పల్లా 1,61,811, మల్లన్న 1,49,005. అంటే తేడా 12,806కు దిగింది, సగానికన్నా తక్కువ! గెలవడానికి కావాల్సిన కోటా 1,83,167, ఇద్దరిలో ఎవరూ దాన్ని తాకలేదు. ఎందుకు తాకలేదు? 55 వేల పైచిలుకు బ్యాలెట్ల మీద ఆ ఇద్దరిలో ఎవరికీ అంకె లేదు. వాళ్ళు ఇంకో అంకె వేసి ఉంటే ఏమయ్యేదో ఎవరు చెప్పగలరు? మూడుకు మూడు అని తేల్చేశారు గానీ, అవి లక్షల ఓట్ల సీట్లు, తేడాలు వేలల్లో ఉంటాయి. మన ఊళ్ళలో గెలుపు తేడా పది, పదిహేను. అంత తేడాను రెండో ఓటు తిప్పేయడం పెద్ద కష్టం కాదు.

ఇంకో మార్పు అంకెల్లో దొరకదు. రెండో ఓటు కావాలంటే ఎదుటివాళ్ళ వాడకు కూడా పోవాలి. "మొదటి ఓటు మీ ఇంటాయనకే వెయ్యండి, రెండోది నాకు వెయ్యండి" అని అడగాలి. ఇప్పుడు ఎవరు పోతున్నారు? ఆ వాడ మనది కాదని గీత గీసుకుంటారు, గెలిచాక ఐదేళ్ళూ ఆ గీత అట్లాగే ఉంటుంది, మోరీ పని కూడా గీత దగ్గరే ఆగుతుంది.

దేవరకొండ కుర్రోడు:

అన్నా, ఇంతవరకు ఎవరూ ఎత్తని ముచ్చట ఒకటి ఉంది. ఇప్పుడు ఓటుకు పైసలిచ్చేవాడికి ఒకే భయం, తీసుకున్నవాళ్ళు నిజంగా వేశారో లేదో తెలియదు. ఓటరుకు మిగిలిన ధైర్యం కూడా అదే. అంకెల ఓటు పెడితే అది పోతుంది. ఆరుగురు పోటీలో ఉంటే 1 నుంచి 6 దాకా రాయగలిగే వరసలు 720. 1 వాడికే ఇమ్మన్నా మిగతా ఐదుగురికి 120 వరసలు మిగులుతాయి. మా వార్డులో ఓట్లే నూట యాభై. అంటే ఇంటింటికీ తలా ఒక వరస చెప్పి, "1 నాకు, మిగతావి ఇట్లా వెయ్యి" అనొచ్చు, కౌంటింగ్‌లో ఏజెంటు ఆ వరస కనిపించిందో లేదో చూసుకుంటే సరి. బ్యాలెట్ మీద ఓటరు పేరు రాసినట్టే. ఎమ్మెల్సీలో వేలాది బ్యాలెట్లు కలిసిపోతాయి, ఎవరిది ఏదో తెలియదు. ఊళ్ళో అన్ని ఓట్లెక్కడివి? ఓట్లు చీల్చే ఒకణ్ణి ఆపడానికి ఊరందరి రహస్యం తాకట్టు పెట్టడం నాకు నచ్చలేదు, చాలా గట్టిగా చెబుతున్నా.

నారాయణపేట నుంచి గ్లాస్గో:

నేను ఉండేది స్కాట్లాండులో, ఇక్కడ లోకల్ కౌన్సిళ్ళకు 2007 నుంచి అంకెల ఓటే, కాబట్టి చూసింది చెబుతా. అంతకుముందు మనలాగే వార్డుకు ఒక్కరు, ఎక్కువ వచ్చినవారే విజేత. 2003లో గ్లాస్గోలో లేబర్ పార్టీ సగానికి తక్కువ ఓట్లతో 79 సీట్లలో 71 కొట్టేసింది. 2007లో పద్ధతి మారాక వాళ్ళకు వచ్చినవి 45. అప్పుడు కూడా వాళ్ళదే పెద్ద పార్టీ, కానీ ఎదురుగా కూర్చునేవాళ్ళు వచ్చారు. ఇంకో విశేషం, స్కాట్లాండు మొత్తం మీద 2003లో పదుల సీట్లు ఏకగ్రీవం, 2007లో ఒక్కటీ లేదు. ఏ మూలనైనా కొన్ని ఓట్లుంటే సీటు దొరికే అవకాశం ఉందని అందరూ నిలబడ్డారు. మన దగ్గర సర్పంచి పదవికి వేలంపాట పెట్టి ఏకగ్రీవం అనే ఊళ్ళ గురించి విన్నప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది.

కానీ ఒకటి గమనించండి, ఇది అంకెల వల్ల ఒక్కదానితో రాలేదు. వార్డులు కలిపి, ఒక్కో పెద్ద వార్డుకు ముగ్గురు లేదా నలుగురు మెంబర్లను పెట్టడం వల్ల వచ్చింది. నలుగురు మెంబర్లుంటే కోటా ఐదో వంతు ఓట్లే, కాబట్టి చిన్న వర్గానికి కూడా ఒక మనిషి దక్కుతాడు. సర్పంచి ఒక్కడే, అక్కడ అంకెలు వేసినా ఆ లాభం రాదు. దోషమూ ఉంది: బ్యాలెట్ మీద పేర్లు అక్షర క్రమంలో ఉంటాయి, ఒకే పార్టీ ఇద్దరిని నిలబెడితే పైన పేరున్నవారికే 1 ఎక్కువగా పడుతుంది. మన దగ్గర గుర్తులు కూడా పేర్ల అక్షర క్రమంలోనే ఇస్తారు కదా.

లెక్కల సార్ (రిటైర్డ్), నల్గొండ:

వార్డులు కలపడం చెప్పినంత సులువు కాదు బాబూ. మన వార్డులు ఎస్సీ, ఎస్టీ, బీసీ, మహిళ అని రిజర్వు అయి ఉంటాయి, సగం మహిళలకే. నాలుగు వార్డులు కలిపితే ఆ నలుగురిలో ఎవరు ఏ రిజర్వేషన్ కింద గెలిచినట్టు? దానికి విడిగా నియమం రాయాలి, అది సరిగా రాయకపోతే నష్టపోయేది ఇన్నాళ్ళకు వార్డు మెంబరు కుర్చీ దాకా వచ్చిన ఆడవాళ్ళే. నేను దీనికి మాత్రం ఒప్పుకోను.

హాలియా రైతుబిడ్డ:

సరే, వార్డులు పక్కన పెడదాం, నేను అడిగింది సర్పంచి గురించే. శ్రీలంకలో అధ్యక్ష ఎన్నికకు ఒక పద్ధతుంది. ఓటరు మూడు దాకా అంకెలు వేయొచ్చు. ఎవరూ సగం దాటకపోతే రౌండ్లు రౌండ్లు ఉండవు, మొదటి ఇద్దరిని ఉంచి మిగతా అందరినీ ఒకేసారి తీసేసి, వాళ్ళ బ్యాలెట్లలో ఆ ఇద్దరిలో ఎవరికి అంకె ఉంటే వాళ్ళకు కలుపుతారు. 2024 సెప్టెంబరులో అనుర కుమార దిసానాయకకు 42 శాతం, సజిత్ ప్రేమదాసకు 33 శాతం లోపు వస్తే, ఆ దేశంలో మొదటిసారి రెండో లెక్క పెట్టారు, మర్నాటికల్లా ఫలితం చెప్పారు. దేశమంతటికీ ఒక రోజే పట్టింది. మన ఊరి బ్యాలెట్లకు రెండో లెక్క ఒక్కటే, టీచరమ్మా, కట్టలు విప్పేది ఒక్కసారే.

లెక్కల సార్ (రిటైర్డ్), నల్గొండ:

అక్కడ కూడా మొదట ముందున్నాయనే గెలిచాడు, అది కూడా రాయి. సరే, దేవరకొండ అబ్బాయి చెప్పిన వరసల లెక్క నేనూ వేసి చూశాను. మూడు అంకెలు ఒప్పుకుంటే ఆరుగురు పోటీలో, 1 ఖాయం చేసుకున్నా మిగతా రెండింటికి ఇరవై వరసలు. ఇరవై ఇళ్ళను గుర్తుపట్టొచ్చు, అది తక్కువేం కాదు. అదే రెండు అంకెలకే ఆపితే, 1 ఖాయమయ్యాక మిగిలేవి ఐదు, రెండోది వెయ్యకుండా వదిలేస్తే ఆరు. ఆరు రకాలతో నూట యాభై మందిని ఎవడూ విడివిడిగా పట్టుకోలేడు. కాబట్టి రెండే. మూడోది వద్దు.

నారాయణపేట నుంచి గ్లాస్గో:

రెండే అయితే అంకెలు రాయాల్సిన పని కూడా లేదు సార్. లండన్ మేయర్‌కు 2021 దాకా అట్లాగే ఉండేది. బ్యాలెట్ మీద పక్కపక్కన రెండు గళ్ళు, మొదటి గడిలో ఒక గుర్తు, రెండో గడిలో ఇంకో గుర్తు. మనకైతే రెండు గళ్ళలోనూ స్వస్తిక్ ముద్రే గుద్దొచ్చు, వేలిముద్ర వేసే పెద్దమ్మ కూడా వేయగలదు. నిజాయితీగా ఇది కూడా చెప్పాలి: 2021లో 20 మంది అభ్యర్థులను రెండు వరసల్లో ముద్రిస్తే జనం తికమకపడి లక్షకు పైగా ఓట్లు చెల్లలేదు. ఆ తర్వాత అక్కడ ఆ పద్ధతే ఎత్తేశారు.

దేవరకొండ కుర్రోడు:

రెండు ముద్రలంటే నా అభ్యంతరం చాలావరకు పోయినట్టే. కానీ రెండో ముద్రకు కూడా రేటు పెడతారు, అది రాసిపెట్టుకోండి.

పాలమూరు టీచరమ్మ:

రెండు గళ్ళ బ్యాలెట్ అయితే నాకూ ఇబ్బంది లేదు, కానీ మూడు పనులు జరిగితేనే. రెండో గడి ఖాళీగా వదిలినా, పొరపాటున ఒకే మనిషికి రెండు ముద్రలు పడినా మొదటి ఓటు చెల్లాలి. రెండో లెక్క అవసరమైన ఊరి బ్యాలెట్లను ఆ రాత్రి ఊళ్ళో కాకుండా సీలు వేసి మండలానికి తెచ్చి మర్నాడు పొద్దున ఏజెంట్ల ముందు లెక్కపెట్టాలి, ఉప సర్పంచి ఎన్నిక కూడా అప్పుడే. ముందు ఒక్క మండలంలో చేసి చూడాలి, చెల్లని ఓట్లు ఇప్పటికన్నా పెరిగితే అక్కడే ఆపాలి. హాలియా అన్నా, నువ్వు అర్జీ రాస్తానంటే ఈ మూడూ అందులో ఉండాలి, అప్పుడే నేను సంతకం పెడతా.