అమ్మని స్వర్ణ దేవాలయానికి తీసుకెళ్లాలి, వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి

కావలి కుర్రాడు:
మా అమ్మకి 64 ఏళ్లు. టీవీలో అమృత్‌సర్ స్వర్ణ దేవాలయం చూసినప్పటినుంచీ ఒక్కసారి తీసుకెళ్లరా అని అడుగుతోంది. సంక్రాంతి సెలవుల్లో వెళ్దామనుకుంటున్నా. మోకాళ్ల నొప్పులున్నాయి, హిందీ ఒక్క ముక్క రాదు, అదీగాక మనం సిక్కులం కాదు కదా, లోపలికి రానిస్తారా, కొబ్బరికాయ కొట్టాలా, అర్చన టికెట్టు తీసుకోవాలా అని ఆమెకి ఒకటే టెన్షన్. ఇంత దూరం ఎందుకు, మహారాష్ట్రలో నాందేడ్ గురుద్వారాకి వెళ్తే చాలదా అని మా మామయ్య అంటున్నాడు. ఏం చేయమంటారు?

ఒంగోలు టీచరమ్మ:
బాబూ, మొదట అమ్మ భయం తీర్చు. రొట్టెల పండగకి నెల్లూరు దర్గా దగ్గరికి మనం పోవట్లా? నువ్వెవరని అక్కడ ఎవరైనా అడుగుతారా? ఇక్కడా అంతే. గుడికి నాలుగు వైపులా నాలుగు ద్వారాలు పెట్టిందే ఎవరైనా రావచ్చని. టికెట్టు లేదు, కొబ్బరికాయ లేదు, గోత్రనామాలు అడగరు. తల కప్పుకోవాలి, అమ్మకి చీర కొంగు చాలు, నువ్వు రుమాలు కట్టుకో. చెప్పులు బయట ఇచ్చేసి కాళ్లు కడుక్కుని లోపలికి పోవాలి. బీడీ, సిగరెట్, ఖైనీ లాంటివి జేబులో కూడా ఉండకూడదు, అది వాళ్లకి చాలా పట్టింపు. లోపల కొలిచేది సిక్కుల పవిత్ర గ్రంథం గురు గ్రంథ్ సాహిబ్‌ని, విగ్రహం ఉండదు. 1604లో వాళ్ల ఐదో గురువు గురు అర్జన్ దేవ్ అక్కడ గ్రంథాన్ని ప్రతిష్ఠించారు. కూర్చున్నప్పుడు కాళ్లు అటువైపు చాపకూడదని అమ్మకి ముందే చెప్పు.

మేం వెళ్లినప్పుడు ప్రసాదం చేతిలో పెడితే వేడివేడిగా నెయ్యి వేళ్ల సందుల్లోంచి కారింది. గోధుమపిండి, నెయ్యి, చక్కెరతో చేస్తారు. రెండు చేతులూ దోసిలి పట్టి తీసుకోవాలి.

కందుకూరు వ్యాపారి:
సంక్రాంతికి మాత్రం వద్దు తమ్ముడూ. జనవరిలో అక్కడ పొగమంచుకి రైళ్లు గంటలు గంటలు లేటవుతాయి, పైగా ఆ పాలరాతి మీద వట్టి కాళ్లతో నడవాలంటే మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి నరకం. ఫిబ్రవరి ఆఖర్లో పెట్టుకో. గుడి పల్లంలో ఉంటుంది, మెట్లు దిగి పోవాలి. దర్శనం క్యూ చాలా పెద్దది, పగలు రెండు గంటలు నిలబడ్డాం మేము. పెద్దవాళ్లకి వీల్‌చైర్ ఉందేమో అక్కడ సేవ చేసే సేవాదారుల్ని అడుగు. రాత్రి గ్రంథాన్ని పల్లకీలో ఆ ఆవరణలోనే ఉన్న అకాల్ తఖ్త్ అనే భవనానికి తీసుకెళ్తారు, అది వదులుకోవద్దు.

మామయ్య చెప్పిన నాందేడ్ కూడా తక్కువేం కాదు. సిక్కుల పదో గురువు గురు గోవింద్ సింగ్ 1708లో అక్కడే చివరి రోజులు గడిపారు, ఇక మీదట గ్రంథమే గురువని చెప్పింది అక్కడే. సికింద్రాబాద్‌లో రైలు మారితే అయిపోద్ది, దారిలో బాసర అమ్మవారిని కూడా చూసుకోవచ్చు. మీకు ఓపికుంటే రెండూ చూడొచ్చు, నాందేడ్ నుంచి సచ్‌ఖండ్ ఎక్స్‌ప్రెస్ నేరుగా అమృత్‌సర్ పోతుంది, రోజున్నర ప్రయాణం. ఆ రైల్లో కొన్ని స్టేషన్లలో భక్తులు వచ్చి ఉచితంగా భోజనం పెడతారు, ఒక గిన్నె దగ్గర పెట్టుకోండి.

ఒంగోలు టీచరమ్మ:
భాష సంగతి మర్చిపోయా. లంగర్‌లో, అంటే అందరికీ ఉచితంగా భోజనం పెట్టే చోట, భోంచేశాక మా అత్తగారు ఉల్లిపాయలు కోసే చోట పంజాబీ ఆడవాళ్ల మధ్య కూర్చుండిపోయింది. ఆవిడకీ తెలుగు తప్ప రాదు. గంటసేపు కోసింది, పక్కనున్న పెద్దావిడ మా అత్తగారి కళ్లలో నీళ్లు తన చున్నీతో తుడిచింది. మీ అమ్మని ఒక పూట అక్కడ కూర్చోబెట్టు. రొట్టె వడ్డించేటప్పుడు మాత్రం రెండు చేతులూ చాపాలి, పళ్లెంలో వేయరు. వేసుకున్నది వదిలేయకూడదు. మా అత్తగారు కింద కూర్చోలేనంటే పక్కన వేరేగా కూర్చోబెట్టి పెట్టారు.

కావలి కుర్రాడు:
అందరికీ చాలా థాంక్స్. అమ్మకి మొత్తం చదివి వినిపించా. ఉల్లిపాయల దగ్గర ఆపి మళ్లీ చదవమంది. ఫిబ్రవరి ఆఖరికి నాందేడ్ మీదుగా అమృత్‌సర్‌కి టికెట్లు చూస్తున్నా, మామయ్య కూడా వస్తానంటున్నాడు.