అచ్చనగాయల్లో ఎగరేసిన రాయి పిల్లలు పట్టలేకపోతున్నారు, ఏం చేయాలి?

ప్రాథమిక పాఠశాలలో రెండో తరగతికి చెప్తాను. 18 మంది పిల్లలు, అందరూ ఏడేళ్ల వాళ్లే. పెన్సిల్ పట్టు కుదరక అక్షరాలు గీత దాటిపోతుంటే, వేళ్లకు కాస్త పని చెబుదామని రోజూ మధ్యాహ్న భోజనం తర్వాత 20 నిమిషాలు పాత ఆటలు ఆడిస్తున్నాను. వామనగుంటల్లో చింతపిక్కలు చకచకా పంచేస్తున్నారు. తొక్కుడుబిళ్ల పర్వాలేదు.

చిక్కంతా అచ్చనగాయల దగ్గరే. ఏడుగురికి మొదటి ఆటే, అంటే ఒక్కో రాయి తీయడమే రావట్లేదు. రాయి ఎగరేస్తారు, వెంటనే చూపు కింది రాయి మీదికి పోతుంది, అది చేతికందేలోపు పైది నేల మీద ఉంటుంది.

గులకరాళ్లు బరువేమోనని చింతపిక్కలిచ్చాను, మరీ తేలికై ఎటో ఎగిరిపోయాయి. బియ్యం నింపిన చిన్న గుడ్డ మూటలు కుట్టిస్తే ఎగరేసి పట్టడం వరకు వచ్చింది. కింది రాయి తీయడం కలపగానే మళ్లీ మొదటికే. వాళ్లలో ఎడమచేతివాటం ఒక్కరిదే, కాబట్టి కారణం అది కాదనుకుంటా. మా అమ్మేమో ఆడగా ఆడగా అదే వస్తుందంటుంది. ఆరు వారాలైంది, రాలేదు.

ఎగరేసి పట్టడానికీ, మధ్యలో కింది రాయి తీయడానికీ నడుమ ఇంకే చిన్న మెట్టు పెట్టి నేర్పితే మీ పిల్లలకు వచ్చింది?