అమెరికా యూనివర్సిటీలో కొరియన్ కల్చర్ క్లబ్ పెట్టాలంటే ఏం చేయాలి?

ప్రశ్న (డల్లాస్ దగ్గర బ్యాచిలర్స్ చదువుతున్న అమ్మాయి):
అందరికీ నమస్కారం. మా క్యాంపస్‌లో ఇండియన్, వియత్నామీస్, చైనీస్ విద్యార్థులకు సంఘాలున్నాయి. కొరియన్ వాళ్లకి మాత్రం లేదు. నా రూమ్మేట్ కొరియన్ అమెరికన్. ఇద్దరం కలిసి 2026 ఫాల్‌లో ఒకటి మొదలుపెడదామని అనుకుంటున్నాం. రిజిస్ట్రేషన్ ఎలా చేయించాలి? మొదటి ప్రోగ్రాం ఏం పెడితే బాగుంటుంది? తెలుగమ్మాయికి కొరియన్ క్లబ్ ఎందుకని ఎవరైనా అంటారేమోనని కాస్త టెన్షన్‌గా కూడా ఉంది.

జవాబు (యూనివర్సిటీలో స్టూడెంట్ సంఘాల పని చూసే ఆవిడ):
టెన్షన్ పడకమ్మా. ఇలాంటి సంఘాల్లో ఎవరైనా చేరొచ్చు. ఆ మాట క్లబ్ కాన్‌స్టిట్యూషన్‌లో (అంటే నియమావళిలో) రాస్తేనే చాలా యూనివర్సిటీలు గుర్తింపు ఇస్తాయి. ముందు మీ స్టూడెంట్ ఆర్గనైజేషన్ల ఆఫీసుకి వెళ్లి గడువు కనుక్కో. చాలాచోట్ల సెమిస్టర్ మొదట్లో కొన్ని వారాలే దరఖాస్తులు తీసుకుంటారు. అది దాటిపోతే మళ్లీ స్ప్రింగ్ దాకా ఆగాలి. కనీసం ఎంతమంది సభ్యులుండాలనేది ఒక్కో యూనివర్సిటీలో ఒక్కోలా ఉంటుంది. ప్రెసిడెంట్, ట్రెజరర్, ఫ్యాకల్టీ అడ్వైజర్, కాన్‌స్టిట్యూషన్ దాదాపు అందరూ అడుగుతారు. అడ్వైజర్ కొరియన్ అయి తీరాలనేం లేదు. మెయిల్ పెడితే జవాబిచ్చి, సంతకం అడిగితే పెట్టే మనిషైతే చాలు.

కాన్‌స్టిట్యూషన్‌లో ఎన్నికల సంగతి మాత్రం జాగ్రత్తగా రాయండి. మే నెలలో పెడితే అందరూ ఫైనల్స్ హడావుడిలో ఉంటారు. మార్చిలో పెడితే కొత్తవాళ్లు పాతవాళ్ల పక్కనుండి రూమ్ బుకింగ్, బడ్జెట్ దరఖాస్తు నేర్చుకోవడానికి టైముంటుంది. పెట్టినవాళ్లు గ్రాడ్యుయేట్ అవ్వగానే మూతపడ్డ క్లబ్బులు చాలా చూశాను, అందుకే ఇంతగా చెప్తున్నా.

జవాబు (పీహెచ్‌డీ విద్యార్థి):
నేను ఇంకో సంగతి చెప్తాను. క్లబ్ ఎవరి కోసమో మీరిద్దరూ ముందే తేల్చుకోండి. కొరియా నుంచి చదువుకోవడానికి వచ్చినవాళ్లు వేరు, ఇక్కడే పుట్టి పెరిగిన కొరియన్ అమెరికన్లు వేరు. మొదటివాళ్లు కకావోటాక్ (కొరియన్లు వాడే మెసేజింగ్ యాప్) గ్రూపులో కొరియన్‌లోనే మాట్లాడుకుంటారు. రెండోవాళ్లలో కొందరికి ఆ భాష సరిగా రాదు, నేర్చుకోవాలని ఆశ ఉంటుంది. వీళ్లతో పాటు డ్రామాలు, పాటలు నచ్చి వచ్చేవాళ్లు ఇంకో గుంపు. లెక్కకి వీళ్లే ఎక్కువ ఉంటారు. ప్రతి మీటింగూ డాన్స్ ప్రాక్టీసే అయిపోతే కొరియన్ విద్యార్థులే మెల్లగా రావడం మానేస్తారు. నా అభిప్రాయం అడిగితే ప్రెసిడెంట్‌గా మీ రూమ్మేట్ ఉండాలి, నువ్వు ట్రెజరర్‌గానో సెక్రటరీగానో ఉండు. మీటింగులు ఇంగ్లిష్‌లో పెట్టి, వారానికోసారి భాష నేర్పే గంట విడిగా పెట్టండి.

మొదటి ప్రోగ్రాంకి కొరియన్ల పంటల పండుగ చుసొక్ చక్కగా సరిపోతుంది. చాంద్రమానంలో ఎనిమిదో నెల పౌర్ణమి, 2026లో సెప్టెంబర్ 25, శుక్రవారం వచ్చింది. అక్టోబర్ 9న హంగుల్ (కొరియన్ లిపి) దినోత్సవం. వచ్చినవాళ్ల పేర్లు కొరియన్ లిపిలో రాసిచ్చే టేబుల్ ఒకటి పెడితే చాలు, జనం ఆగుతారు. స్ప్రింగ్‌లో జనవరి 13 కొరియన్ అమెరికన్ దినం. 1903లో అదే రోజున మొదటి కొరియన్ వలస కుటుంబాలు హోనొలులులో ఓడ దిగాయి. ఇక్కడ పుట్టిన పిల్లలకి అది తమ ఇంటి కథ. దాన్ని వదలకండి.

ఆటల్లో యున్నోరి పెట్టండి. ఒకవైపు గుండ్రంగా, ఒకవైపు చదునుగా ఉండే నాలుగు కర్రపుల్లలు ఎగరేసి, పడిన తీరును బట్టి కాయలు నడపాలి. అష్టాచెమ్మాలో గవ్వలు వేసినట్టే. ఎదుటివాళ్ల కాయని చంపితే ఇంకో ఆట వస్తుంది. భాష రాకపోయినా ఐదు నిమిషాల్లో అర్థమై అరుపులు మొదలవుతాయి.

ప్రశ్న అడిగిన అమ్మాయి:
చాలా థ్యాంక్సండీ. ప్రెసిడెంట్‌గా ఉండమని తనకి ఇప్పుడే చెప్పాను, ఒప్పుకుంది. భోజనం మేమే వండి పెట్టొచ్చా? సినిమా వేద్దామని కూడా ఉంది.

జవాబు (సంఘాల పని చూసే ఆవిడ):
ఇంట్లో వండినవి పంచడానికి చాలా క్యాంపస్‌లు ఒప్పుకోవు, రాతపూర్వకంగా అడుగు. మీకు డల్లాస్ దగ్గరి క్యారల్టన్‌లో కొరియన్ షాపులు బోలెడు, అక్కడ కొనుక్కోవచ్చు. ఏది కొన్నా ప్రతి వంటకం ముందు అందులో ఏముందో కార్డు మీద రాసి పెట్టండి. కిమ్చి చూడ్డానికి క్యాబేజీ పచ్చడే అయినా మామూలుగా ఉప్పురొయ్యలో, చేపల సాసో పడుతుంది. మన శాకాహార పిల్లలు తెలియక తినేస్తారు, రొయ్యలు పడనివాళ్లకైతే ప్రమాదం. చుసొక్‌కి బియ్యప్పిండితో చేసే సొంగ్‌ప్యొన్‌లో నువ్వులుంటాయి. అమెరికాలో 2023 జనవరి నుంచి నువ్వుల్ని కూడా ప్రధాన అలర్జీ పదార్థాల్లో చేర్చారు.

సినిమాకి సొంత నెట్‌ఫ్లిక్స్ ఖాతా వాడకండి, అది ఇంట్లో చూసుకోవడానికే. బహిరంగ ప్రదర్శన హక్కులున్న సినిమాలు ఏమున్నాయో లైబ్రరీలో అడగండి, చాలా లైబ్రరీల్లో కొన్ని ఉంటాయి.

డబ్బు స్టూడెంట్ గవర్నమెంట్ నుంచి వస్తుంది. కొత్త క్లబ్‌కి మొదటి సెమిస్టర్‌లో ఇవ్వని చోట్లూ ఉన్నాయి, అది కూడా ఇప్పుడే కనుక్కో. సభ్యత్వ రుసుము ఎవరి సొంత జెల్ (ఫోన్‌లో డబ్బు పంపుకునే సర్వీసు) ఖాతాలోకీ వద్దు. యూనివర్సిటీ లోపలే క్లబ్‌కి ఖాతా ఇస్తారేమో చూడు. ఇవ్వకపోతే ఐఆర్‌ఎస్ (అమెరికా పన్నుల శాఖ) నుంచి ఈఐఎన్ అనే సంస్థల పన్ను గుర్తింపు నంబరు ఉచితంగానే వస్తుంది, దాంతో బ్యాంకు ఖాతా తెరవొచ్చు. దానికి డబ్బడిగే వెబ్‌సైట్ల జోలికి పోకు.