భోగి మంట దగ్గర 40 మందికి మసాలా హాట్ చాక్లెట్: పాలు విరుగుతున్నాయి, ఏం చేయాలి?

ప్రశ్న: భోగి తెల్లవారుజామున మా అపార్ట్‌మెంట్‌లో మంట దగ్గర అందరికీ టీ బదులు ఇది ఇస్తానని నోరు జారాను. 40 మంది, సగం పిల్లలే. నిన్న 2 లీటర్లతో చేసి చూస్తే కోకో ఉండలు కట్టి తేలింది, పాలు విరిగాయి. పచ్చి అల్లం దంచి వేశాను, తీపికి బెల్లం. టెన్షన్‌గా ఉంది.

జవాబు: విరగడానికి ఆ రెండూ చాలండీ. పచ్చి అల్లంలో పాలను విరిచే ఎంజైమ్ ఉంటుంది. టీకి ముందే నీళ్లలో మరిగిస్తాం కాబట్టి బతికిపోతాం. మీరు శొంఠి, పంచదార వాడండి.

150 మి.లీ. కప్పు లెక్కన 6 లీటర్లు కావాలి. మారు అడిగేవాళ్లుంటారు, 7 చేయండి. లీటరు పైచిలుకు నీళ్లలో నాలుగు పెద్ద దాల్చిన చెక్కలు, 15 యాలకులు, చెంచా శొంఠి వేసి పావుగంట మరిగించి వడకట్టండి. 180 గ్రాముల కోకో, 600 గ్రాముల పంచదార, చిటికెడు ఉప్పు పొడిగానే కలిపి, ఆ వేడి నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ దోసెపిండిలా జారుగా చేయండి. ఉండల బాధ ఇక్కడే తీరిపోతుంది. దీన్ని 6 లీటర్ల కాగిన పాలలో పోసి, సన్న సెగ మీద 250 గ్రాముల డార్క్ చాక్లెట్ ముక్కలు కరిగించండి.

ఇంకొకరు: మిరియాలు మాత్రం గిన్నెలో వేయకండి, పిల్లలు తాగరు. పొడి పక్కన పెట్టండి, పెద్దవాళ్లు చల్లుకుంటారు. మెక్సికోలో ఎండుమిర్చి కూడా వేస్తారు, మన కవ్వంలాంటి చెక్క కర్రను అరచేతుల మధ్య తిప్పుతూ నురగ తెప్పిస్తారు. మీరూ కవ్వంతో ఓసారి చిలికి చూడండి, మీగడ కట్టదు.

ప్రశ్న: థాంక్సండీ. డ్రింకింగ్ చాక్లెట్ డబ్బా ఉంది, కోకో బదులు వేయొచ్చా?

జవాబు: అందులో ఎక్కువ భాగం పంచదారే. వేస్తే విడిగా పంచదార మానేసి, రుచి చూసుకుంటూ కలపండి. ఇంకో మాట, కుళాయి ఉన్న టీ క్యాన్‌లో పోస్తే కోకో అడుక్కి దిగుతుంది, చివరి పదిమందికి బురదే. పోయినేడు మా ఇంట్లో అదే అయింది, పైగా పొయ్యి మీదే వదిలేస్తే అడుగంటింది. ఆ మాడు వాసన ఏ యాలకులకూ పోలేదు. వెడల్పు గిన్నెలో వేడినీళ్లు పోసి, అందులో ఈ గిన్నె దించండి. గరిటెతో అడుగు నుంచి కలిపి పోయండి.

ప్రశ్న: అలాగేనండీ. పెద్ద గిన్నె కింది ఫ్లోర్ పిన్నిగారిని అడిగాను, ఇస్తామన్నారు.