పాతకాలపు నమూనా ఫర్నిచర్ చేత్తో చేసి బతకొచ్చా? పర్లాకిమిడి, బరంపురం వైపు పనివాళ్ళు చెప్పండి

గజపతి_కుర్రోడు: బంగళాల కాలం నాటి వాలుకుర్చీలు, పందిరి మంచాలు కొత్తగా చేసి అమ్మాలని ఉంది. తలుపులు, కిటికీల పని వచ్చు. కలప ఎక్కడ కొనాలి, ధర ఎలా కట్టాలి, దేనితో మొదలుపెట్టాలి, బరంపురంలో షాపు ఉండాలా?

రాయగడ_ఉలి: వాలుకుర్చీతో మొదలెట్టు తమ్ముడూ. పందిరి మంచం స్తంభాలకు లేత్ (కర్రను తిప్పుతూ చెక్కే యంత్రం) కావాలి, అది తర్వాత చూసుకోవచ్చు. కుర్చీ విరిగేది వెనక కాలు వంపు దగ్గరే. తిన్నటి పలకలోంచి వంపు కోస్తే నార (చెక్క పోగు) అడ్డంగా తెగుతుంది, మనిషి వెనక్కి వాలగానే అక్కడే విరుగుతుంది. వంపుతో పాటు నార నడిచే ముక్క ఏరుకో. 36 మిమీ కర్రకు కూసం (ఇంకో కర్ర బెజ్జంలో దూరే కొస) మందం 12 మిమీ. చీల బెజ్జం కూసంలో 1 మిమీ దాని మొదలు వైపు జరిపి వెయ్యి, చీల దిగేకొద్దీ అతుకు బిగుసుకుంటుంది.

బరంపురం_పాలిష్: అతుకుకి సరేసే (పశువుల తోలు, ఎముకల బంక) వాడాలి, ఫెవికాల్ వద్దు. రాత్రంతా చన్నీళ్ళలో నానబెట్టి, వేడినీళ్ళ గిన్నెలో పెట్టి 60 డిగ్రీల దగ్గర కరిగించాలి. మరిగిస్తే పట్టు పోతుంది.

ఛత్రపురం_రంపం: సముద్రం పక్కన సరేసా? శ్రావణంలో మెత్తబడి బూజు పడుతుంది. కొన్నవాడు కుర్చీ వెనక్కి తెస్తే ఎవరు తీసుకుంటారు?

బరంపురం_పాలిష్: కూసం వదులుగా కోసి బంక మీద భారం వేస్తే ఏ బంకైనా వదిలేస్తుంది. సరేసు అతుకును యాభై ఏళ్ళ తర్వాత కూడా వేడినీళ్ళు, ఆవిరి పట్టించి విప్పొచ్చు. ఫెవికాల్ ఎండిన చోట కొత్త బంక పట్టదు, చెక్క చెక్కాల్సిందే. రిపేరు చెయ్యనివాళ్ళకి ఇది తెలీదు.

ఛత్రపురం_రంపం: రిపేరు చెయ్యనని మీకెవరు చెప్పారు? మర్యాదగా మాట్లాడండి. నేను చెప్పింది ఈ తీరం గాలి గురించి.

జయపురం_చేవ: బంక సంగతి అలా ఉంచండి. కరక్కాయ కషాయం పూసి, పైన ఇనుప మేకులు నానేసిన వెనిగర్ పూస్తే టేకు నల్లబడుతుంది. దాన్ని తాతల నాటి సామానని అమ్మేవాళ్ళున్నారు. పని నేర్చేవాళ్ళకి ముందు దీని గురించి చెప్పాలి. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం ఇలాంటి సామాన్లలో నూరేళ్ళు నిండినవే పురావస్తువులు. నమూనా చేస్తే సీటు అడుగున పేరు, ఏడాది ఉలితో చెక్కండి. స్టార్ తల (ప్లస్ గుర్తు గాడి) స్క్రూలు 1930ల నుంచి వచ్చినవి, నమూనాలో ఒక్క గాడి ఇత్తడి స్క్రూలే వెయ్యండి.

గజపతి_కుర్రోడు: అన్నా, కలప, ధర?

గుణుపురం_దూలం: పాత ఇళ్ళు కూల్చిన టేకు దూలాలు కొను. ఎవరి ఇల్లో రాయించి రశీదు తీసుకో, రాష్ట్ర సరిహద్దు దాటేముందు ట్రాన్సిట్ పర్మిట్ (కలప రవాణా అనుమతి) సంగతి అటవీ ఆఫీసులో అడుగు. చిత్రిక పట్టేముందు అయస్కాంతంతో మేకులు వెతుకు, లేదంటే బ్లేడు పోతుంది. దూలం బయటి వైపు తెల్ల చెక్క మొత్తం తీసెయ్, పురుగు మొదట దాన్నే పడుతుంది. ఇక్కడి టేకు 13, 14 శాతం తేమ మీద ఉంటుంది. రాయ్‌పూర్ ఎండ ఇంటికి పోతే 9కి దిగి, 900 మిమీ వెడల్పు బల్ల పలక అడ్డంగా 7, 8 మిమీ కుంచించుకుంటుంది. పలకను చట్రానికి స్క్రూలతో బిగించేస్తే నిలువునా చీలుతుంది. గాడిలో జరిగే చెక్క బొత్తాలతో పట్టించాలి.

రాయగడ_ఉలి: ధరలో పేము అల్లిక కూలి విడిగా రాసుకో. రంధ్రాలు 6 మిమీ, నడుమ 13 మిమీ దూరం. దూరం తప్పితే అల్లిక వంకర పోతుంది, అల్లేవాడు ఎక్కువ అడుగుతాడు. షాపు ఇప్పుడే అక్కర్లేదు.

ఛత్రపురం_రంపం: లక్క పాలిష్ వానాకాలంలో తెల్లబడుతోంది. దీనికైనా సూటిగా జవాబు చెప్పండి.

బరంపురం_పాలిష్: స్పిరిట్ ఎగిరేటప్పుడు పైపొర చల్లబడి గాల్లో తేమను లాక్కుంటుంది, అదే తెలుపు. ఎండ వచ్చిన రోజు, స్పిరిట్ అంటీ అంటనట్టు తడిపిన గుడ్డను నార వెంట ఒక్కసారి లాగండి. లీటరు స్పిరిట్‌కు 120 గ్రాముల లక్క చాలు, చిక్కగా పూస్తే తెలుపు లోపలే ఉండిపోతుంది. ఆరు నెలలు దాటిన ద్రావణం ఎన్నాళ్ళున్నా గట్టిపడదు, పారబోయండి.

ఛత్రపురం_రంపం: చూసి చెప్తాను. సరేసు విషయంలో మాత్రం నా మాట మారదు.