కాలివేళ్లు పోయిన పావురం, ముక్కు వంకరైన కాకి: పట్టుకోవాలా, వదిలేయాలా?

డాబా_గింజలు (పటమట, విజయవాడ):
గింజలకి వచ్చే పావురాల్లో ఒకదానికి కుడికాలికి రెండు వేళ్లు లేవు. మిగతా వేళ్లకి దారం బిగుసుకుని వాచాయి. అన్నానికి వచ్చే కాకికేమో పైముక్కు పొడుగ్గా పెరిగి పక్కకి వంగింది. రెండూ ఎగురుతున్నాయి, తింటున్నాయి. పట్టి వైద్యం చేయించాలా? కాకి ముక్కు కత్తిరించవచ్చా?

కరకట్ట:
పావురాన్ని పట్టాలండి, కాకిని పట్టకూడదు.

దారమో తలవెంట్రుకో వేలికి చుట్టుకుంటే రక్తం ఆగి, వేలు నల్లబడి రాలిపోతుంది. పారిస్ పావురాల మీద 2019లో వచ్చిన పరిశోధనలో, క్షౌరశాలలు ఎక్కువున్న చోట్ల వేళ్లు పోయిన పావురాలూ ఎక్కువని తేలింది. మనకి సంక్రాంతి మాంజా అదనం.

పొద్దువాలే వేళ మెత్తని తువ్వాలు కప్పి పట్టండి. రెక్కలు ఒంటికి ఆనించి పట్టుకోవాలి, రొమ్ము మాత్రం నొక్కొద్దు. రొమ్ము ఎముక కదిలితేనే పక్షికి ఊపిరి ఆడుతుంది. కాలిని ఐదు నిమిషాలు గోరువెచ్చని నీళ్లలో ఉంచితే అంటుకున్న రెట్ట మెత్తబడి దారం కనిపిస్తుంది. మొన మొద్దుగా ఉన్న చిన్న కత్తెరతో ఒక్కో పోగూ తెంపాలి. లాగితే చర్మం ఊడొస్తుంది. ఆపైన గాయాలకి వాడే పోవిడోన్ అయోడిన్ మందుని నీళ్లలో పలచని టీ రంగుకి కలిపి కడగండి. ఎండిన వేలుని కోయొద్దు, అదే రాలుతుంది. దారం మాంసంలోకి దిగితే పశువైద్యుడికి చూపించాల్సిందే. నోట్లో నీళ్లు పోయకండి, నాలుక మొదట్లోనే ఉన్న శ్వాసనాళంలోకి పోతాయి.

వేపకొమ్మ (గుంటూరు):
కాకి ముక్కు తొడుగు మన గోరులాగే కెరటిన్, జీవితాంతం పెరుగుతూ అరుగుతూ ఉంటుంది. దెబ్బ తగిలి పైముక్కు, కిందిముక్కు కలవకపోతే అరగడం ఆగుతుంది. అలాస్కాలో చికడీ పిట్టలకి వచ్చే ఇలాంటి వంకరకి పోయిసివైరస్‌తో సంబంధం ఉందని తేలింది. లోపల ఎముక, రక్తనాళాలు ఉంటాయి కాబట్టి కత్తిరిస్తే ప్రమాదం. కత్తిరించినా మళ్లీ పెరుగుతుంది.

మెతుకులు గచ్చు మీద చల్లకుండా లోతైన గిన్నెలో కుప్పగా పెట్టండి, తల పక్కకి వాల్చి తోడుకుంటుంది. తిండికన్నా పెద్ద కష్టం ఈకలు సవరించుకోలేకపోవడం. పేలు పడతాయి, వానకి ఒళ్లంతా తడుస్తుంది. అందుకే స్నానానికి రెండంగుళాల లోతు నీళ్లున్న వెడల్పు పళ్లెం ఉంచండి. గిన్నెలు రోజూ కడగాలి. వారానికోసారి ఒక వంతు బ్లీచ్‌కి తొమ్మిది వంతుల నీళ్లు కలిపి పది నిమిషాలు నానబెట్టి, కడిగి ఆరబెట్టండి.

ఎగరలేక, ఈకలు ఉబ్బించుకుని ఒకేచోట కూర్చుంటే అటవీశాఖకి చెప్పండి. ఇంట్లో పెంచడానికి 1972 వన్యప్రాణి చట్టం ఒప్పుకోదు.

ఇంకోమాట. గుంటూరు దగ్గరి ఉప్పలపాడు పక్షుల కేంద్రంలో ఓపెన్‌బిల్ కొంగ ముక్కు మధ్య సందు చూసి వైకల్యం అనుకునేవాళ్లున్నారు. ఎదిగిన ఓపెన్‌బిల్ కొంగలన్నిటికీ అది ఉంటుంది, వాటి పిల్లలకి ఉండదు. ఒంటికాలి మీద నిలబడ్డ కొంగని కూడా కాసేపు చూడండి, చాలాసార్లు రెండో కాలు ఈకల్లోనే ఉంటుంది.

డాబా_గింజలు:
దారం ఒక్కసారికే పూర్తిగా రాకపోతే?

కరకట్ట:
ముక్కు తెరిచి రొప్పితే వెంటనే ఆపేయండి. చీకట్లో వదిలితే గోడలకి కొట్టుకుంటుంది. గాలి రంధ్రాలున్న అట్టపెట్టెలో రాత్రంతా ఉంచి, తెల్లారాక మిగతాది తీసి అదే డాబా మీద వదలండి. తీసిన దారాన్ని సన్నగా ముక్కలు చేశాకే చెత్తలో వేయండి.