హెడ్‌లైట్ సాకెట్లోంచి పిన్ను రావట్లేదు, ఎలా తియ్యాలి?

భీమిలి రైడర్:
అన్నలూ ఒక్క సాయం. రోజూ భీమిలి నుంచి బీచ్ రోడ్డు మీదుగా బండి మీద సిటీకి వస్తాను, వారం నుంచి ఏ గతుకు ఎక్కినా హెడ్‌లైట్ ఆరిపోయి మళ్ళీ వెలుగుతోంది, బల్బు మార్చినా అంతే. సాకెట్ ఊడదీసి చూస్తే మూడు పిన్నుల్లో ఒకటి పచ్చగా చిలుము పట్టేసింది, పక్కన ప్లాస్టిక్ కాస్త నల్లబడింది. మెకానిక్కేమో వైర్లు కోసి కొత్త సాకెట్ మెలిపెట్టి టేపు చుట్టేద్దాం అంటున్నాడు, నాకు మనసొప్పట్లేదు. పిన్ను ఒక్కటే మార్చొచ్చా? వైరు పట్టుకుని ఎంత లాగినా కదలట్లేదు.

గాజువాక వైరింగ్:
లాగకు తమ్ముడూ, వైరు తెగుద్ది గానీ పిన్ను రాదు. పిన్ను వీపు మీద నాలుకలాంటి చిన్న రేకు ఉంటాది, అది లోపల ప్లాస్టిక్ మెట్టుకి తన్ని నిలబడిపోద్ది. ముందు బ్యాటరీ నెగెటివ్ తీసెయ్, ఏ రంగు వైరు ఎక్కడుందో ఫోన్లో ఫోటో తీసుకో, ఇది మాత్రం మర్చిపోకు, హై బీమ్, లో బీమ్ తారుమారైతే మళ్ళీ మొదటికొస్తావు. తర్వాత వైరుని వెనక్కి లాగకుండా ముందుకి నెట్టు, అప్పుడు నాలుక మీద ఒత్తిడి పోద్ది. బల్బు గుచ్చే వైపు నుంచి వాచీలు బాగుచేసే సన్న స్క్రూడ్రైవర్ పెట్టి నాలుకని లోపలికి నొక్కి ఉంచి, అప్పుడు మెల్లిగా వెనక్కి లాగు, వచ్చేస్తాది. కొన్ని కప్లర్లకి, అంటే ఇలాంటి వైరు సాకెట్లకి, పైన ఇంకో లాక్ ముక్క ఉంటాది, ఉంటే ముందు అది లేపాలి.
కాలింది ఎర్త్ పిన్నేనా?

భీమిలి రైడర్:
అవునన్నా ఎర్తే! ఎలా చెప్పారు?

గాజువాక వైరింగ్:
హై వేసినా లో వేసినా కరెంటు తిరిగెళ్ళేది దాంట్లోంచే కదా. నీది 35 వాట్ల బల్బైతే 12 వోల్టుల మీద దాదాపు 3 ఆంపియర్లు, పిన్ను వదులైతే ఆ కాస్తకే వేడెక్కి ప్లాస్టిక్ కరుగుద్ది. అందుకే ఖాళీ సాకెట్, పిన్నులు విడిగా కొను, కరిగిన దాంట్లో కొత్త పిన్ను సరిగ్గా నిలవదు.

పెందుర్తి ఆటో:
ఒక మాట కలుపుతా. కొత్త పిన్నుకి రెండు జతల రెక్కలుంటాయి, ముందువి రాగి తీగల మీద, వెనకవి వైరు తొడుగు మీద నొక్కాలి, మామూలు కటింగ్ ప్లేయర్‌తో కాదు, క్రింపింగ్ ప్లేయర్‌తోనే. వైరు లోపల కూడా నల్లబడితే మెరిసే రాగి కనిపించేదాకా కోసెయ్. ఎక్కించేటప్పుడు టక్‌మని వినపడాలి, ఓసారి చిన్నగా లాగి చూడు. సముద్రం గాలికి మన బళ్ళలో చిలుము తొందరగా వస్తాది కాబట్టి డైఎలెక్ట్రిక్ గ్రీజు, అంటే పిన్నులకి తేమ తగలనివ్వని గ్రీజు, పల్చగా రాయి.

భీమిలి రైడర్:
అయిపోయిందన్నా!! నాలుక నొక్కగానే సులువుగా వచ్చేసింది, దీని కోసం మూడు రోజులు వైరు పీకుతూ కూర్చున్నాను. పాత వైరు అంగుళంన్నర నల్లగా ఉంది, కోసేశాను. నిన్న రాత్రి రుషికొండ దగ్గర గతుకుల్లో కూడా లైటు ఆరలేదు. ఇద్దరికీ చాలా థాంక్స్.